చదరంగపు గళ్ళ లెక్క

చదరంగపు బల్లపై మొదటి గడిలో ఒక గింజ, రెండవదానిలో రెండు, మూడవదానిలో నాలుగు. ఇట్లు 64 గళ్ళును నింపినచో మొత్తమెంత? నరసన్నపేట కళ్లములలో కుంచములతో ధాన్యము కొలిచిన పెద్దలకును అది కొలతకందని రాశి: 1,84,46,74,40,73,70,95,51,615.

11వ శతాబ్దివాడుగా చెప్పబడు పావులూరి మల్లన పేర నున్న పద్యమొకటి ఈ ఇరువది అంకెలను మాటలలో దాచినది. చంద్రుడన్న 1, వేదములన్న 4, గగనమన్న సున్న. ఒకట్ల స్థానము నుండి ఎడమకు చదువుకొని పోవలెను. తాటాకుపై వ్రాయసకాడు ఒక్క మాట తప్పినను లెక్క చెడును. మరి మనకు దక్కిన పాఠము సరియైనదేనా?

సాక్షి ఆ సంఖ్యయే. మొత్తము, 64 రెండ్ల లబ్ధమునకు ఒకటి తక్కువ. ఆరు రెండ్ల లబ్ధమును 9చే భాగించిన శేషము 1. కావున 60 రెండ్లను విడిచిపెట్టవచ్చును. మిగిలిన నాలుగింటి లబ్ధము 16, ఒకటి తీసిన 15, శేషము 6. ఇక పద్యములోని అంకెలను కూడుడు, శ్రోతలు కాగితముపై చేసి చూడవచ్చును: 87. దానికిని శేషము 6.

సున్న 9గా మారినను, ప్రక్కప్రక్క అంకెలు తారుమారైనను ఈ పరీక్ష పట్టలేదు. అప్పుడు 17చే భాగింపవలెను, శేషముండరాదు. పలకపై చేసి చూచితిని. ఏమియు మిగులలేదు.