వండిన చెయ్యి కావాలి, తిన్న కంచం వద్దు

(కార్యకర్తల శిక్షణ తరగతుల రెండో రోజున యువ దళిత స్త్రీల బృందం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



ప్రపంచంలో ఇవాళ యువతులు ఏం పోరాటాలు చేస్తున్నారో, ఏమంటున్నారో చెప్పమని కమిటీ మాకు ఈ గంట ఇచ్చింది. పొద్దున టీ తాగేకాడ ఒక పెద్దాయన, "గూడెంలో బోరింగు చెడిపోయి నెల దాటింది, మీరేమో పైదేశాల కబుర్లు చెప్తారా అమ్మాయ్?" అన్నాడు. ఆయన మాటను మేము కొట్టిపారెయ్యం. అందుకే దేశాలన్నీ తిప్పం. అర్జెంటీనాలో ఆకుపచ్చ రుమాళ్లు కట్టుకుని బడిపిల్లల దగ్గర్నుంచి అవ్వల దాకా వీధుల్లోకి వచ్చి 2020 డిసెంబరులో గర్భస్రావం హక్కు చట్టం సాధించుకున్నారు. ఇరాన్‌లో తలగుడ్డ సరిగా లేదని పోలీసులు పట్టుకుపోయిన 22 ఏళ్ల మహసా అమీనీ 2022 సెప్టెంబరులో చనిపోతే, ఆడపిల్లలు తలగుడ్డలు తీసి మంటల్లో వేశారు. పెద్ద పోరాటాలే ఇవి. ఇంకోసారి చెప్పుకుందాం. ఇవాళ ఒక్క బ్రెజిల్ గురించే మాట్లాడతాం. ఎందుకంటే మేము చెప్పబోయేది ఒక కంచం, ఒక చెంచా దగ్గర మొదలవుతుంది. కంచం సంగతి మనకు ఒకరు విడమరిచి చెప్పాల్సిన పని లేదు.

బ్రెజిల్‌లో శాంతోస్ అని ఒక ఓడరేవు పట్నం. ఆ పట్నంలో జోయ్‌సీ ఫెర్నాండెస్ అని ఒక నల్లజాతి అమ్మాయి. వాళ్ల అమ్మమ్మ ఇళ్లల్లో పనిచేసింది, అమ్మ చేసింది, తనూ ఏడేళ్లు చేసింది. ఒక ఇంట్లో యజమానురాలు ఈమెకు చెప్పిందేమంటే, నిన్ను పెట్టుకుంది మా ఇంటిల్లిపాదికి వండటానికి గాని నీకు వండుకోవటానికి కాదు, నీ తిండి నువ్వే ఇంటికాడ్నుంచి తెచ్చుకో, చెంచా కూడా తెచ్చుకో, వంటగదిలో కూర్చుని తిను అని. వండిన చెయ్యి పనికొచ్చింది, ఆ చేతిలోని కంచం పనికిరాలేదు! మన ఊళ్లల్లో టీకొట్టు చూరుకి మనకోసం వేరేగా వేలాడిన గ్లాసు, సముద్రాలకు అవతల ఆ చెంచా, రెండూ ఒక్క కొలిమిలో చేసినవే అనిపించింది మాకు.

అక్కడి పెద్ద మేడల్లో లిఫ్టులు రెండుంటాయి. ఒకటి ఇంటివాళ్లకి, వాళ్ల చుట్టాలకి. రెండోది పనివాళ్లకి, సామాన్లకి, చెత్తకి. వంటగది వెనకాల పనిమనిషికని ఇరుకుగది ఒకటి కడతారు. కులం అని వాళ్లనరు, రంగు అంటారు. ఏమంటేనేం, ఇంటి ప్లానులోనే గీసిపెట్టారు.

ఈ అమ్మాయి పనిచేసుకుంటూనే చదివింది. చరిత్ర పంతులమ్మ అయింది. ప్రేటా రారా అనే పేరుతో ర్యాప్ పాటలు కట్టి పాడింది. 2016లో తన కంచం సంగతి నలుగురికీ తెలిసేలా రాసి, మీకు జరిగింది కూడా చెప్పండి అని తోటి పనిమనుషుల్ని అడిగింది. అంతే, గండి పడ్డ చెరువులాగా వేలమంది చెప్పుకొచ్చారు. రాయటం రాని తల్లుల కథలు బిడ్డలు రాశారు. 2019లో అవి పుస్తకమయ్యాయి. తల్లి సిగ్గుపడి దాచుకున్న మాటను బిడ్డ బజారున పెట్టింది. ఇది కూడా స్త్రీవాదమేనా అని ఎవరైనా అడిగితే, అసలు స్త్రీవాదం మొదలు కావాల్సింది ఇక్కడే అని మా సమాధానం.

వెనకటి సంగతి కొంచెం తెలియాలి. ఆఫ్రికా నుంచి దాదాపు 48 లక్షల మందిని గొలుసులేసి బ్రెజిల్‌లో దించారు. అమెరికా ఖండాల్లో అందరికంటే ఆఖరున, 1888 మే 13న అక్కడ బానిసత్వం రద్దయింది. రద్దయిందంటే ఏందీ? కాగితం ఇచ్చారు, సెంటు భూమి ఇవ్వలేదు. దాంతో ఆడవాళ్లు నిన్నటిదాకా బానిసలుగా ఉన్న వంటగదుల్లోకే మళ్లీ పనికి పోయారు. ఇవాళ ఆ దేశంలో ఇంటిపని చేసేవాళ్లు సుమారు 60 లక్షల మంది, నూటికి తొంభైమందికి పైగా ఆడవాళ్లు, అందులో ఎక్కువమంది నల్లవాళ్లు. 1936లోనే శాంతోస్‌లో లౌదెలినా అనే పనిమనిషి తనవాళ్లకోసం మొట్టమొదటి సంఘం పెట్టింది. 1943లో కార్మికులందరికీ చట్టం రాసినప్పుడు పనిమనుషుల్ని మాత్రం బయటే నిలబెట్టారు. ఎనిమిది గంటల పని, అదనపు పనికి అదనపు కూలి అనేవి రాజ్యాంగంలో వీళ్లకు దక్కింది 2013లో. లౌదెలినా సంఘం పెట్టిన 77 ఏళ్లకి! మన దేశం సంగతి అంటారా? ఇంటిపనివాళ్ల హక్కుల కోసం 2011లో అంతర్జాతీయ కార్మిక సంస్థ ఒప్పందం చేస్తే మన ప్రభుత్వం చెయ్యెత్తి ఓటేసి వచ్చింది. బ్రెజిల్ 2018లో దాన్ని ఆమోదించింది. మనవాళ్లు ఇప్పటికీ ఆమోదించలేదు. హైదరాబాదులో, బెజవాడలో అంట్లు తోముతున్న మన అక్కచెల్లెళ్లు ఈ మాట గుర్తుపెట్టుకోవాలి.

ఈ కొత్తతరం ఆడపిల్లలకి నోరు ఎట్లా వచ్చింది? రిజర్వేషన్ వల్ల. దాచాల్సిన పనేముంది! 2012లో వాళ్లు చట్టం చేశారు. కేంద్ర విశ్వవిద్యాలయాల్లో సగం సీట్లు సర్కారు బడుల్లో చదివిన పిల్లలకి, అందులో నల్లవాళ్లకి, ఆదివాసులకి జనాభాను బట్టి వాటా. అప్పుడూ అక్కడి తెల్లదొరలు ప్రతిభ చచ్చిపోతుందని ఏడ్చారు. మండల్ రోజుల్లో మన దగ్గర విన్న ఏడుపే. ఏడ్చినా పనిమనుషుల కూతుళ్లు కాలేజీ మెట్లెక్కారు. ఎక్కి, స్త్రీవాదుల పుస్తకాలు చదివి, తెల్ల అక్కల్ని ఒక ప్రశ్న అడిగారు. మీరు ఆడవాళ్లు గడప దాటాలి, ఉద్యోగాలు చెయ్యాలి అంటున్నారు, బాగుంది. మా అమ్మలు గడప దాటనిదెప్పుడు? మీరు మీటింగుకి పోయినప్పుడు మీ బిడ్డ ముడ్డి కడిగిందెవరు?

ఇట్లా అడిగితే ఉద్యమం చీల్చుతున్నారంటారు. అక్కడా అన్నారు. మన నల్గురు దళిత రచయిత్రులు ఇదే అడిగితే ఇక్కడా అన్నారు.

అట్లాగని వాళ్లు మగవాళ్లను వెనకేసుకు రారు. పోలీసు తుపాకీ నుంచి కొడుకును కాపాడుకోవాలి, కొడుకు చేతి దెబ్బ నుంచి కోడల్ని కాపాడాలి. రెండూ ఒక్క ఇంట్లోనే ఉన్నాయి, ఏదో ఒకటి ఎంచుకోమంటే కుదరదు. 2015 నవంబరు 18న వేలాదిమంది నల్లజాతి స్త్రీలు రాజధాని బ్రసీలియాలో ఊరేగింపు తీసింది జాతివివక్ష, హింస రెంటి మీదా కలిపే. అన్నట్టు, 2001లో దక్షిణాఫ్రికాలోని డర్బన్‌లో జాతివివక్షకు వ్యతిరేకంగా ప్రపంచ సదస్సు జరిగినప్పుడు మనవాళ్లు కులం సంగతి ఎత్తటానికి పోయారు గదా, మన ప్రభుత్వం అడ్డం పడింది గదా, ఆ సదస్సుకే ఈ బ్రెజిల్ నల్లజాతి స్త్రీలూ సంఘాలన్నీ కూడగట్టుకుని వచ్చారు. కాబట్టి వీళ్లు మనకు మరీ పరాయివాళ్లేం కాదు.

ఇప్పుడు మారియెల్ ఫ్రాంకో గురించి చెప్పాలి. రియో డి జనీరోలో మరే అనే పేదల వాడలో పెరిగింది. 19 ఏళ్లకే తల్లయింది. స్కాలర్‌షిప్పు మీద చదివింది. పోలీసులకీ మత్తుమందుల ముఠాలకీ కాల్పులు జరుగుతుంటే తూటా తగిలి స్నేహితురాలు చనిపోయింది. అప్పట్నుంచి మానవహక్కుల పనిలోకి దిగింది. 2016లో నగర కౌన్సిల్‌కి నిలబడితే 46,502 ఓట్లు వచ్చాయి. 51 మంది సభ్యుల్లో ఓట్ల లెక్కన అయిదో స్థానం. గెలిచి ఏం చేసింది? రాత్రిపూట పనికి, చదువుకి పోయే తల్లుల పిల్లల కోసం రాత్రి శిశుకేంద్రాలు పెట్టాలని బిల్లు తెచ్చింది. కడుపులో పేగు కదిలినవాళ్లకే తట్టే ఆలోచన ఇది. 2018 మార్చి 8న సభలో మాట్లాడుతుంటే ఒక మగాయన అరిచి అడ్డుకోబోయాడు. జనం ఎన్నుకుని పంపిన ఆడదాని మాటకు అడ్డం రానివ్వను అని నిలబడి చెప్పింది.

మార్చి 14 రాత్రి ఆమె ఒక సమావేశానికి పోయింది. వ్యవస్థల పునాదులు కదిలిస్తున్న నల్లజాతి యువతుల గురించి ఆ సమావేశం. ముగించుకుని కారులో వస్తుంటే వెనకబడి కాల్చి చంపారు. డ్రైవర్ ఆండర్సన్ గోమెస్ కూడా పోయాడు. ఆమెకు 38 ఏళ్లు.

ఆమె పేరుతో అభిమానులు పెట్టిన వీధి బోర్డును ఆ ఎన్నికల్లోనే ఇద్దరు అభ్యర్థులు విరగ్గొట్టి ఫొటో దిగారు. మన ఊళ్లల్లో అంబేద్కర్ విగ్రహానికి చెప్పులదండ వేసేవాళ్ల బుద్ధే. వాళ్లు ఒక బోర్డు విరగ్గొడితే జనం చందాలేసుకుని వెయ్యి బోర్డులు చేయించి పంచారు. ఆ అక్టోబరులోనే ఆమె ఆఫీసులో పనిచేసిన ముగ్గురు నల్లజాతి స్త్రీలు రాష్ట్ర శాసనసభకు గెలిచారు. చెల్లెలు అనియెల్ 2023లో జాతి సమానత్వ శాఖ మంత్రి అయింది. కారులో వెంటపడి ఆ హత్య చేసిన ఇద్దరూ మాజీ పోలీసులే. వాళ్లకు శిక్ష పడేసరికి 2024 అక్టోబరు వచ్చింది. ఆరేళ్లు దాటింది. చుండూరు కోర్టుల చుట్టూ తిరిగినవాళ్లకు ఆరేళ్లంటే తొందరగానే అయిందనిపిస్తుందేమో.

ఇక మన ఇంటి సంగతి. అన్నలు కోప్పడకండి. కారంచేడులో మంచినీళ్ల చెరువుకాడ బిందె ఎత్తి ఎదిరించింది ఒక ఆడమనిషి. 1985లో ఆ బిందె లేచినాకే ఈ ఉద్యమం లేచింది. ఆ మాట ప్రతి సభలో మీరే చెబుతారు. కానీ పోయిన ఏడాది సభకి నాలుగు ఊళ్లు తిరిగి ఆడవాళ్లను తోలుకొచ్చింది మేము. చాపలు పరిచింది మేము. అందరూ మాట్లాడినాక మాకు మైకిచ్చి, "టైము లేదు, ఒక పాట పాడండమ్మా" అన్నారు. పాడాం. నిన్న ఈ తరగతుల్లోనే 1942లో నాగపూర్‌లో జరిగిన దళిత స్త్రీల మహాసభ మీద క్లాసు జరిగింది. వేలమంది ఆడవాళ్ల ముందు బాబాసాహెబ్ ఏం మాట్లాడాడో చాలా బాగా చెప్పారంట. మాకు తెలియదు. మేము వెనక పందిట్లో ఉల్లిపాయలు కోస్తున్నాం.

మమ్మల్ని ఎవరూ నీ కంచం నువ్వు తెచ్చుకో అనలేదు. అందరం ఒక్క బంతిలోనే తింటున్నాం, అది మన ఉద్యమం గొప్పే. కానీ ఆ బంతికి వడ్డించి ఆఖరున తినేది ఎవరో ఒక్కసారి లెక్క చూడండి. మారియెల్‌కు అడ్డం వచ్చినవాడు శత్రువు. మాకు అడ్డం వచ్చేది టైము లేదనే మాట, అది మనవాళ్ల నోటి నుంచే వస్తోంది. అందుకే శత్రువుతో కొట్లాడినంత తేలిగ్గా దీనితో కొట్లాడలేకపోతున్నాం.

మండల కమిటీలో ఇద్దరు ఆడవాళ్లున్నారు, ఇద్దరూ పేరుకే. సంతకాలు ఇంటికి తెచ్చి పెట్టించుకుంటున్నారు. ఈసారి మేము అయిదుగురి పేర్లు ఇస్తున్నాం. అందులో ఇద్దరికి చంటిపిల్లలున్నారు. రాత్రి మీటింగులకు వాళ్లు రావాలంటే పిల్లల్ని చూసే మనిషి కావాలి. ఆ పని వంతులేసుకుని మగవాళ్లు చెయ్యాలని మా ప్రతిపాదన. నవ్వుతున్నారు, నవ్వండి, కానీ మినిట్స్ బుక్కులో రాయండి.

రేపు పొద్దున భూమి సమస్య మీద క్లాసు ఉంది. మేమందరం ముందు వరుసలో కూర్చుంటాం. బియ్యం, పప్పు కొలిచి పందిట్లో పెట్టాం. పొయ్యి ఎవరు వెలిగిస్తారో ఆ పేర్లు ఈ పూటే చెప్పండి.

జై భీమ్.