సుగ్గికి పోతాండాము



బడిలో మనమందరము వ్యతిరేక పదాలు వల్లె వేసినవారమే. పగలు, రాత్రి. కలిమి, లేమి. అయితే ఆ రెండూ ఒకే మాటలో ఉంటే?

మన ఇంటి మాటలే చూడండి. బియ్యము అయిపోతే "నిండుకున్నాయి" అంటాము. దీపము ఆరితే "కొండెక్కింది" అంటాము. వెళ్లేవాడు "వస్తాను" అని చెప్పి వెళ్తాడు. లేమిని నోట పలకడానికి జంకి, కలిమి మాటను దాని మీద కప్పుతాము. అయినా ఎవరూ మోసపోరు, వినేవారికి సంగతి తెలుసు గనుక.

పరిశుద్ధ గ్రంథములోనూ ఇట్టిది ఉన్నది. హెబ్రీ భాషలో 'బారక్' అంటే ఆశీర్వదించుట, స్తుతించుట. యోబు 1:21లో సమస్తము పోగొట్టుకున్న యోబు దేవుని స్తుతించిన చోట ఉన్నది ఈ మాటే. 2:9లో అతని భార్య నోట ఉన్నదీ ఇదే! మన తెలుగు బైబిలు అక్కడ దూషణ అనే అర్థమునే ఇచ్చింది. దేవుని పేరు పక్కన ఆ మాట వ్రాయడానికి చేయి రాక, దాని వ్యతిరేక పదమును పెట్టారని పండితులు చెప్తారు. సెమినరీలో ఇది చదివి మంచి మార్కులే తెచ్చుకున్నాను. వినడము మాత్రము నేర్చుకోలేదు.

నాది కోస్తా. హాలహర్వి ప్రాంతానికి సేవకు వచ్చిన కొత్తలో, ఒక ఆదివారము ఒక పెద్దమ్మ, "సుగ్గికి పోతాండాము అయ్యగారూ, ప్రార్థన చేయండి" అన్నది. సరిహద్దు దాటితే బళ్లారి. కన్నడములో సుగ్గి అంటే కోతల కాలమనీ, పంట ఇంటికొచ్చే సంబరమనీ నాకు తెలుసు. ఇంకేముంది, సమృద్ధియైన పంట ఇచ్చినందుకు గట్టిగా స్తోత్రము చెల్లించాను. జనము ఆమేన్ అన్నారు, కొంచెము మెల్లగా.

మరుసటి ఆదివారము సగము చాపలు ఖాళీ. వీధిలో ఇంటింటికీ తాళాలు. వాన లేక చేను ఎండితే, అప్పు తీర్చుకోవడానికి పిల్లాజెల్లాతో గుంటూరు వైపు మిరపకాయలు కోసే కూలికి పోయారు. ఇక్కడ సుగ్గి అంటే వలస. కోత నిజమే, చేను వేరొకరిది.

ఉగాది దాటాక ఆమె తిరిగి వచ్చింది. క్షమించమని అడిగాను. "మీరు తెలీక చెప్తిరి, ఆయనకు తెలీదా?" అని నవ్వింది.

మరుసటి ఏడు కూడా "సుగ్గికి పోతాండాము" అన్నది. నేను స్తోత్రము మొదలుపెట్టలేదు. ఎన్ని నెలలకమ్మా, మనవడి బడి ఎట్లా, ముసలాయన ఎవరి దగ్గర ఉంటాడు అని అడిగాను. ఆమె చాపమీద మళ్లీ కూర్చున్నది. చెప్పడానికి చాలాసేపు పట్టింది.