మూలం కనబడని ప్రశ్నపత్రం

ఆంగ్ల సాహిత్యం చెప్పేవాళ్ల సభే అయినా తెలుగులో మాట్లాడమని నిర్వాహకులు కోరారు. సంతోషంగా ఒప్పుకున్నాను. మన తరగతి గదుల కష్టసుఖాలు మనం చెప్పుకునేది ఎలాగూ తెలుగులోనే.

నేను చెప్పదలచింది ఒక్కటే విషయం. ఎం.ఏ. ఇంగ్లీషు విద్యార్థి ఈ రోజు పాఠ్యగ్రంథం తెరవకుండానే ఆ గ్రంథం మీద పరీక్ష రాయగలుగుతున్నాడు, మంచి మార్కులతో ఉత్తీర్ణుడు కాగలుగుతున్నాడు. దీన్ని విద్యార్థి సోమరితనంగా నేను చూడను. ఆ ప్రశ్నపత్రం కూర్చేది మనం, ఆ జవాబులు దిద్దేదీ మనమే.

వాడు ఎలా చదువుతున్నాడో మీకందరికీ తెలుసు. సీనియర్ల జిరాక్సు నోట్సు ఒకటి చేతికొస్తుంది. బజార్లో గైడు దొరుకుతుంది. యూట్యూబులో నాటకం కథంతా అరగంటలో తెలుగులో చెప్పే వీడియో ఉంటుంది. గత అయిదారేళ్ల ప్రశ్నపత్రాలు ముందు పరుచుకుంటే ఈసారి ఏవి రావచ్చో తేలిపోతుంది. ‘మాక్‌బెత్’ అయితే రాజ్యకాంక్ష, మంత్రగత్తెలు, లేడీ మాక్‌బెత్ పాత్ర. ఈ మూడింటి మీద మూడు ఎస్సేలు బట్టీ పడితే ఒకటి వచ్చి తీరుతుంది. ‘మాక్‌బెత్’ షేక్‌స్పియర్ విషాదాంత నాటకాల్లోకెల్లా చిన్నది, రెండు వేల పైచిలుకు పంక్తులు. గొంతెత్తి చదివినా ఒక పూటలో పూర్తవుతుంది. ఆ మూడు ఎస్సేలు కంఠస్థం చేయడానికి పట్టే కాలంలో నాటకాన్ని రెండు మూడు సార్లు చదవవచ్చు. అయినా చదవడు. చదివినవాడికి, చదవనివాడికి మధ్య తేడా మన ప్రశ్నపత్రానికి పట్టనప్పుడు ఎందుకు చదవాలి?

ఈ జబ్బు ఇప్పటిది కాదు. ఇంగ్లీషు చదివినవాళ్లకు సర్కారు కొలువుల్లో ముందు చోటిస్తామని 1844లో గవర్నర్ జనరల్ హార్డింజ్ ప్రకటించాడు. 1857లో కలకత్తా, బొంబాయి, మద్రాసు విశ్వవిద్యాలయాలు వచ్చాయి. ఆక్స్‌ఫర్డ్‌లో ఆంగ్ల సాహిత్యానికి ప్రత్యేకమైన ఆనర్స్ విభాగం ఏర్పడింది 1894లో, కేంబ్రిడ్జిలో అలాంటిది వచ్చింది 1917లో. ఇంగ్లండులోని ఈ పెద్ద విద్యాపీఠాల కన్నా ముందే మన పిల్లలు షేక్‌స్పియర్ మీద, మిల్టన్ మీద పరీక్షలు రాశారన్న మాట. రాసింది ఉద్యోగం కోసం. సాహిత్యం మనకు చదువుగా కన్నా ముందు పరీక్షగా పరిచయమైంది. ఆ రోజుల్లోనే పుస్తకాన్ని పుస్తకంగా చదివి, కదిలి, తన సొంత రచనకు ప్రేరణ పొందిన కందుకూరి వీరేశలింగం కూడా ఉన్నాడు. గోల్డ్‌స్మిత్ నవల ‘వికార్ ఆఫ్ వేక్‌ఫీల్డ్’ ఆయన చేతిలో రాజమండ్రి పరిసరాలకు వచ్చి ‘రాజశేఖర చరిత్ర’ అయింది. మూలం ముందు కూర్చున్నవాడికే అలాంటిది సాధ్యం.

గైడు మీద నాకు పగ లేదు. వ్యాఖ్యానం లేకుండా పెద్ద గ్రంథాలు చదవడం మన సంప్రదాయంలోనూ లేదు. కాళిదాసుకు వ్యాఖ్య రాసిన మల్లినాథసూరిది మన కొలచల, నేటి మెదక్ జిల్లా కొల్చారం. చెడ్డ వ్యాఖ్యానాల విషం సోకి కాళిదాసు వాక్కు మూర్ఛపోయి ఉందనీ, దాన్ని బతికించడానికే తన సంజీవని వ్యాఖ్య అనీ ఆయన మొదటే చెప్పుకున్నాడు. ఆధారం లేనిదేదీ రాయననీ, అక్కరలేనిదేదీ చెప్పననీ కూడా మాట ఇచ్చాడు. ఆ పుస్తకం ఏ పేజీ తెరిచినా పైన శ్లోకం ఉంటుంది, దాని కింద వ్యాఖ్య ఉంటుంది. శ్లోకం లేకపోతే వ్యాఖ్యకు నిలువ నీడ లేదు. మన విద్యార్థి చేతిలో ఉన్న గైడులో శ్లోకమే లేదు. పదం వెంట పదం అన్వయించుకుంటూ పోయే పని లేదు. తాత్పర్యం ఉంది, అంతే. మనం పరీక్షలో అడిగేదీ ఆ తాత్పర్యమే.

తాత్పర్యంతో సరిపెడితే ఏం పోతుందో చెప్పడానికి నైజీరియా రచయిత అచెబే నవల కన్నా మంచి ఉదాహరణ నాకు దొరకలేదు. 1958లో వచ్చిన ‘థింగ్స్ ఫాల్ అపార్ట్’ మన విశ్వవిద్యాలయాల్లో చాలా చోట్ల పాఠ్యగ్రంథం. 25 అధ్యాయాల పాటు కథానాయకుడు ఒకోంక్వో బతుకు మనకు తెలుస్తుంది. తండ్రిలా అవుతానేమోనన్న అతని భయం, యామ్ దుంపల సాగు, కన్నకొడుకులా పెరిగిన కుర్రాడి మీద తానే కత్తి ఎత్తిన రోజు, ఏడేళ్ల ప్రవాసం, చివరికి ఉరి. ఆత్మహత్య భూదేవికి అపచారం కనుక అతని శవాన్ని సొంత మనుషులు ముట్టుకోకూడదు. పరాయివాళ్లను బతిమాలి దించమనాలి. ఇంత జరిగాక చివరి పేరాలో రచయిత మనల్ని తెల్ల కమిషనరు ఆలోచనలోకి తీసుకుపోతాడు. ఆయన ఒక పుస్తకం రాయబోతున్నాడు. ఈ మనిషి కథ ఒక అధ్యాయానికి సరిపోతుందేమో అనుకుంటాడు, మళ్లీ అంత అక్కర్లేదు, ఒక పేరా చాలు అనుకుంటాడు. నవల అక్కడ ఆగిపోతుంది. ఒక మనిషి బతుకును పేరాకు కుదించడమే ఆ నవల చూపించిన అన్యాయం. ఆ నవల మీద మనం పెట్టే పరీక్షలో ఒకోంక్వో పతనానికి కారణాలు అడుగుతాం, ఒక పేరా సారాంశం బాగా రాసినవాడికి మార్కులు వేస్తాం. చివరి పేజీ చదివిన విద్యార్థికి ఇది గుండెల్లో గుచ్చుకుంటుంది. చదవనివాడికి గుచ్చుకునే అవకాశమే లేదు.

చదివితే ఏమవుతుందో కూడా చెప్పాలి. పదో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివిన ఒక అమ్మాయి నా తరగతిలో ఉండేది. ‘మాక్‌బెత్’ గొంతెత్తి చదువుతుంటే అయిదో అంకం మొదట్లో ఆపి అడిగింది: ఇంతవరకూ పద్యంలో మాట్లాడిన లేడీ మాక్‌బెత్ నిద్రలో నడుస్తూ వచనంలో ఎందుకు మాట్లాడుతోంది అని. వాళ్ల ఊళ్లో పద్యనాటకాలు చూసి పెరిగిన పిల్ల. పాత్ర ఎప్పుడు పద్యం ఎత్తుకుంటుందో, ఎప్పుడు వచనంలోకి దిగుతుందో ఆ చెవికి తెలుసు. ఆ ప్రశ్న మీద క్లాసంతా నడిచింది. మంచి విమర్శ ఇలాగే పుడుతుంది. అదే నాటకంలో రాజు హత్య జరిగిన వెంటనే కోట తలుపు మీద పడే దెబ్బలు చిన్నప్పటి నుంచీ తనను ఎందుకు అంతగా కలవరపెట్టాయో తేల్చుకోవడానికే ఆంగ్ల వ్యాసకర్త డి క్విన్సీ 1823లో తన ప్రసిద్ధ వ్యాసం రాశాడు. ఇవాళ ఆ వ్యాసం కూడా గైడులో నాలుగు పాయింట్లయి కూర్చుంది. ఆ దెబ్బలు వినని విద్యార్థి ఆ పాయింట్లు రాస్తున్నాడు.

ఇతర దేశాల్లో అంతా బాగుందని కాదు. ఇంగ్లండులో 2017 నుంచి కొత్త పద్ధతిలో జరుగుతున్న జీసీఎస్ఈ సాహిత్య పరీక్షకు పుస్తకం తీసుకుపోనివ్వరు. అక్కడ స్థిరపడిన మన తెలుగు కుటుంబాల పిల్లలు కూడా పదహారో ఏట ఆ పరీక్షకు పంక్తులకు పంక్తులు బట్టీ పడుతున్నారు. అయితే ఏక్యూఏ బోర్డు పత్రంలో షేక్‌స్పియర్ ప్రశ్నతో పాటు నాటకంలోంచి ఒక భాగం అచ్చువేసి ఉంటుంది. ముందు ఈ భాగం చూడు, తరువాత మొత్తం నాటకంలోకి వెళ్లు అంటారు. ముందెన్నడూ చూడని కవితలు కూడా ఇస్తారు. అంత మాత్రం మనమూ చేయగలం.

మనకు సందర్భసహిత వ్యాఖ్య ఉండేది. పాత పత్రాల్లో ఎనోటేషన్ల పేరుతో మూల పంక్తులు కనిపించేది అక్కడే. కాలక్రమంలో అది కూడా మూసలో పడింది: ఈ పంక్తులు ఫలానా కవి రాసిన ఫలానా గ్రంథంలోనివి, ఇంత గొప్ప కవి, ఇదీ సందర్భం. చదివి తీరవలసిన ఆ ఒక్క ప్రశ్నను కూడా కొన్ని చోట్ల తీసేసి షార్ట్ నోట్సు పెట్టాం. ఇక అధ్యాపక అర్హతకు రాసే నెట్ పరీక్ష సంగతి సరే సరి. 3 గంటల్లో 150 బహుళైచ్ఛిక ప్రశ్నలు. గ్రంథాలను కాలక్రమంలో పెట్టు, రచయితను రచనతో జతపరచు. ఉద్యోగానికి అది దారి కనుక పిల్లలు తేదీల పట్టికలు చదువుతారు. వాళ్లను తప్పుపట్టే హక్కు మనకు లేదు.

స్పాట్ వాల్యుయేషన్ గురించి కూడా నిజం మాట్లాడుకోవాలి. గుట్టగా వచ్చే పేపర్లు సాయంత్రానికి పూర్తి కావాలి. సైడ్ హెడింగులు, గీతలు, నలుగురు విమర్శకుల పేర్లు కనిపిస్తే చెయ్యి తనంతట తానే మార్కు వేస్తుంది. పంక్తిని పట్టుకుని తంటాలు పడిన, ఇంగ్లీషు తడబడిన జవాబు చదవడానికి తీరిక కావాలి. మొదటి తరం విద్యార్థి రాసే జవాబు తరచూ అలాగే ఉంటుంది. దినానికి దిద్దవలసిన పేపర్ల సంఖ్య తగ్గించమని విశ్వవిద్యాలయాలను మనం సామూహికంగా అడగాలి.

మధ్యాహ్నపు గోష్ఠికి నా ప్రతిపాదనలు ఇవి. పేపరుకు పాఠ్యగ్రంథాల సంఖ్య సగానికి తగ్గిద్దాం, ఉన్నవి పూర్తిగా చదివిద్దాం. ప్రతి పత్రంలోనూ సగం మార్కులు పత్రం మీదే అచ్చయిన మూల భాగానికి ఉండాలి. ఒక పేపరుకైనా ఏ రాతలూ లేని శుభ్రమైన ప్రతిని పరీక్ష హాల్లోకి అనుమతించాలి. పాత గ్రంథాలకు ఖర్చు సమస్య కాదు, ప్రాజెక్ట్ గూటెన్‌బర్గ్‌లో ఉచితంగా దొరుకుతాయి. ఇంటి వ్యాసాలు యంత్రం చేత రాయించుకునే రోజులు వచ్చాయి కనుక హాల్లో, కాగితం మీద, కళ్లెదుట ఉన్న పేజీ గురించి రాయించడం ఇంకా అవసరం.

మాదిరి ప్రశ్న ఒకటి తయారు చేసి తెచ్చాను. ‘మాక్‌బెత్’ మొదటి అంకం ఆరో రంగం నుంచి మొదటి పది పంక్తులు పత్రం మీద అచ్చువేయాలి. రాజు డంకన్ మాక్‌బెత్ కోట ముందు నిలబడి గాలి ఎంత హాయిగా ఉందో అంటాడు. గుడి గోడల్లో గూళ్లు కట్టే చిన్న పిట్ట ఇక్కడ కాపురముందని బాంకో చూపిస్తాడు. దాని కింద ప్రశ్న ఇది: కిందటి రంగంలో ఇదే కోటలో లేడీ మాక్‌బెత్ డంకన్ రాక గురించి చెబుతూ మరొక పక్షి పేరు ఎత్తింది. ఆ పక్షి ఏది? ఒకే గోడల మధ్య ఈ రెండు పక్షులను విన్న ప్రేక్షకుడికి, రాజుకు తెలియనిది ఏం తెలుస్తుంది? పంక్తుల ఆధారంతో రాయండి.