సున్నపు గోడల సాక్ష్యము



కెనడా తూర్పుతీరపు బాప్టిస్టులు సయాములో తలపెట్టిన పని విడిచి, 1875లో మన తెలుగు దేశానికి వచ్చారు. భీమునిపట్నం, బొబ్బిలి, శ్రీకాకుళం మొదలుకొని టెక్కలి, సోంపేట వరకు సంఘములు వెలిశాయి.

ఆనాటి పల్లె ఆలయములో ఆర్భాటం లేదు. మందపు గోడలు, గానుగ సున్నము, వాలు కప్పుపై బంగళా పెంకులు. తొట్టి లేనిచోట ఊరి చెరువే బాప్తిస్మస్థలము.

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటి, ఉద్దానపు కొబ్బరి, జీడి తోటలను నేలకూల్చింది. అటువంటి గాలివాన వెలిశాక “పాతది కూల్చి స్లాబు వేద్దాం” అనే మాట లేవడం సహజమే. కాని పెద్దలారా, గునపం పట్టకముందు ఆలోచించండి. సున్నపు గోడ తడిసినా తిరిగి ఆరుతుంది. దానిమీద సిమెంటు పూస్తే తడి లోపలే నిలిచి ఇటుక చెడుతుంది. పెంకు పగిలితే ఆ ఒక్కటీ మార్చుకోవచ్చు; ఉప్పుగాలికి స్లాబులో ఇనుము తుప్పుపడితే పెచ్చులూడుతాయి, మరమ్మతుకు చాలా ఖర్చు.

కాబట్టి వానలకు ముందే పెంకులు సర్దించండి. సున్నపు పని తెలిసిన మేస్త్రీనే పిలవండి. క్రిస్మస్‌కు రంగు బదులు వెల్ల వేయించండి. చోటు చాలకపోతే పక్కన వరండా దించండి.

పితరులు కట్టి ఇచ్చారు; మనము నిలిపి మన పిల్లలకు అప్పగించాలి. ప్రభువు మన సంఘములను దీవించును గాక.