ముందు గోడ, తరువాతే రంగు

(రాత్రి బడిలో అక్కచెల్లెళ్ల ముందు చేసిన ప్రసంగం)

అమ్మలారా! అక్కలారా! చెల్లెళ్లారా!



ఈ రోజు మాట్లాడుకునేది ఇంటి గోడల గురించి. గోడల గురించి ఏముంది చెప్పడానికి అంటారేమో! చాలా ఉంది. ఇంట్లో గోడ గోకేది ఆడవాళ్లే. సున్నం కలిపేది ఆడవాళ్లే. కూలి పనికి పోయినా అంతే. గోకుడు, కడుగుడు, మోత ఆడవాళ్లకు. కుంచె మాత్రం వేరే చేతికి. ఆ పని వెనుక ఉన్న విద్య తెలిస్తే ఇంట్లో డబ్బు మిగులుతుంది. బయట కూలి పెరుగుతుంది. ఒంటికి కీడు తగ్గుతుంది.

మనది ఎండిన నేల

అనంతపురం ప్రాంతంలో వాన తక్కువ. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్లే. పడమటి కనుమలు ఒకవైపు మబ్బులను ఆపేస్తాయి. తూర్పు సముద్రం మనకు దూరం. అందుకే ఇక్కడ గాలి పొడిగా ఉంటుంది. ఎండాకాలంలో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. జూన్ నుంచి ఆగస్టు దాకా గాలులు. రామగిరి కొండల మీద గాలిమరలు పెట్టింది ఆ గాలి బలం చూసే.

పొడి గాలిలో బట్టలు తొందరగా ఆరతాయి. అది మంచిదే. కానీ గోడ మీద పూత తొందరగా ఆరితే మంచిది కాదు. ఈ ఒక్క మాట గుర్తు పెట్టుకోండి. మిగతాదంతా దీని చుట్టూనే తిరుగుతుంది.

సున్నం చేతికి ఎందుకు అంటుతుంది?

పండుగకు వెల్ల వేస్తారు. నెల తిరక్కుండానే గోడకు ఆనుకుంటే వీపంతా తెల్లన. పిల్లల బట్టలు తెల్లన. "సున్నం మంచిది కాదు" అని కొట్టువాణ్ణి తిడతారు. తప్పు చాలాసార్లు సున్నానిది కాదు.

సున్నం అంటే ఏమిటి? సున్నపురాయిని బట్టీలో కాలిస్తే సున్నం అవుతుంది. దానికి నీళ్లు కలిపి గోడకు పూస్తాం. ఆ పూత గాలిలోని బొగ్గుపులుసు గాలిని మెల్లగా పీల్చుకుంటుంది. మళ్లీ రాయి మాదిరి గట్టిపడుతుంది. అట్లా గట్టిపడాలంటే పూతలో కొంచెం తడి ఉండాలి. ఎండిన గోడ ఆ తడిని గుటుక్కున తాగేస్తుంది. మిగిలిన తడిని వేడిగాలి లాగేస్తుంది. ఇక సున్నం రాయి కాదు, పిండి అవుతుంది. ఆ పిండే మీ వీపుకు అంటుతుంది.

మరి ఏం చేయాలి? వెల్ల వేసే ముందు గోడ మీద నీళ్లు చల్లాలి. నీళ్లు కారకూడదు. గోడ చల్లగా, చెమ్మగా ఉంటే చాలు. ఉదయం పది గంటల లోపు, లేదా సాయంత్రం నాలుగు దాటాక వేయాలి. ఫ్యాను తిప్పరాదు. వేడిగాలి వచ్చే కిటికీ మూయాలి. పూత పలుచగా ఉండాలి. మందంగా ఒకసారి పూసే కంటే పలుచగా మూడుసార్లు పూయడం మేలు. ఒక పూత ఆరాకే ఇంకొకటి. మలి పూతకు ముందు మళ్లీ కొంచెం తడపాలి.

ఒక జాగ్రత్త. గోడ తడిపే ముందు కరెంటు మెయిన్ ఆపండి. స్విచ్చి బోర్డు చుట్టూ నీళ్లు చల్లకండి.

సున్నం కలిపేటప్పుడు

పొడి సున్నం నీళ్లలో పడితే కుతకుత ఉడుకుతుంది. అందుకని ప్లాస్టిక్ బకెట్టు పనికిరాదు. ఇనుప డ్రమ్ము కావాలి. ముందు నీళ్లు పోయాలి. ఆ నీళ్లలో సున్నం కొద్ది కొద్దిగా వేయాలి. సున్నం మీద నీళ్లు గుమ్మరించరాదు. అది చిమ్ముతుంది, కండ్లలో పడుతుంది. పిల్లలను దగ్గరికి రానివ్వకండి.

కంట్లో సున్నం పడితే నలపకండి. వెంటనే శుభ్రమైన నీళ్లతో కన్ను కడగండి. పావుగంటకు తక్కువ కాకుండా కడుగుతూనే ఉండాలి. ఆ తరువాత ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి పోవాలి. ఆలస్యమైతే చూపే పోవచ్చు.

కలిపిన సున్నం ఒక రాత్రంతా నాననివ్వండి. మరునాడు పలుచని గుడ్డలో వడకట్టండి. కొంచెం బంక కరిగించి కలిపితే పూతకు పట్టు వస్తుంది.

డిస్టెంపరుకు పద్ధతి వేరు

ఇప్పుడు చాలా ఇళ్లలో సున్నం బదులు డిస్టెంపరు, ఎమల్షన్ వేస్తున్నారు. ఇక్కడ పద్ధతి మారుతుంది. సున్నానికి గోడ చెమ్మగా ఉండాలి. ఈ రంగులకు గోడ ఆరి ఉండాలి. ఈ తేడా తెలియక డబ్బు పోగొట్టుకున్నవాళ్లు ఉన్నారు.

ఒక ఇంటి సంగతి అనుకుందాం. గోడకు పాత సున్నం ఉంది. ఉగాది నాలుగు రోజులుంది. గోకడానికి తీరిక లేదు. పాత సున్నం మీదనే డిస్టెంపరు వేశారు. పండుగ నాటికి గోడ మెరిసింది. మూడు నెలలకు పెచ్చులు పెచ్చులుగా ఊడింది. రంగు పట్టుకున్నది గోడను కాదు, పిండిని. పిండి రాలింది, రంగు కూడా రాలింది. రంగు డబ్బులు, కూలి డబ్బులు రెండూ నేల పాలు.

కాబట్టి ముందు గోడకు పరీక్ష పెట్టండి. మూడు పరీక్షలు చాలు.

ఒకటి, అరచేతి పరీక్ష. గోడను అరచేత్తో గట్టిగా రుద్దండి. చేతికి తెల్లగా అంటితే ఆ పిండి అంతా గోకాలి.

రెండు, నీటి పరీక్ష. గోడ మీద కాసిని నీళ్లు చిలకరించండి. చిటికెలో ఇంకిపోతే గోడకు దాహం ఎక్కువ అని అర్థం. ముందు ప్రైమరు పూయాలి. లేకపోతే రంగును గోడ తాగేస్తుంది. కుంచె చారలు పడతాయి.

మూడు, కాగితపు పరీక్ష. అడుగున్నర ప్లాస్టిక్ కాగితం గోడకు ఆనించి, నాలుగు అంచులూ టేపుతో అంటించండి. ఒక రోజు తరువాత చూడండి. లోపల నీటి బొట్లు ఉంటే గోడలో చెమ్మ ఉంది. రంగు వేయడం ఆపాలి. చెమ్మ ఎక్కడి నుంచి వస్తోందో ముందు వెతకాలి.

కొత్త సిమెంటు గోడకు ఇంకో మాట. ఎండ నేలలో పూత పూసిన గోడను కనీసం ఏడు రోజులు తడపాలి. లేకుంటే నెర్రెలు పడుతుంది. తడపడం అయ్యాక బాగా ఆరనివ్వాలి. సిమెంటు పూసిన నాటి నుంచి 28 రోజులు దాటకుండా రంగు వద్దు.

ఉప్పు పొంగితే

మన బోరు నీళ్లు చాలా చోట్ల ఉప్పగా ఉంటాయి. ఆ నీళ్లతో కట్టిన గోడ మీద, చెమ్మ ఎక్కిన గోడ అడుగున, తెల్లని నూగు కనిపిస్తుంది. అది ఉప్పు. దాన్ని నీళ్లతో కడగాలనిపిస్తుంది. కడిగితే ఉప్పు కరిగి మళ్లీ గోడలోకే పోతుంది. ఆరాక మళ్లీ బయటికి వస్తుంది. పొడి కుంచెతో దులపాలి. రాలిన ఉప్పు ఎత్తి బయట పారవేయాలి. వారం ఆగి మళ్లీ దులపాలి. ఉప్పు రావడం ఆగాకే రంగు.

మట్టి మిద్దెకు, పాత సున్నపు గోడకు సున్నమే నప్పుతుంది. సున్నం ఉన్న గోడ ఊపిరి తీసుకుంటుంది. లోపలి చెమ్మ బయటికి పోతుంది. దాని మీద ఆయిల్ పెయింటు వేస్తే చెమ్మకు దారి మూసినట్టే. అది పొక్కి, పెచ్చు లేస్తుంది.

గోకుడు, లప్పం

గోకడానికి పట్టీ, వైరు బ్రష్షు, గరుకు కాగితం కావాలి. గరుకు కాగితం వెనుక అంకె ఉంటుంది. చూసి కొనండి. అంకె చిన్నదైతే గరుకు ఎక్కువ. 80 మోటు పనికి. 220 నున్నగా రుద్దడానికి.

నెర్రె కనిపిస్తే పైపైన లప్పం మెత్తకండి. పట్టీ మూలతో నెర్రెను కొంచెం వెడల్పు చేయండి. దుమ్ము ఊడ్చండి. తరువాత నింపండి. సిమెంటు లప్పం అయితే గోడను కొంచెం తడిపి పెట్టాలి. తడపకుంటే లప్పంలోని నీళ్లు గోడ లాగేస్తుంది, లప్పం రాలుతుంది. లప్పం కొద్దికొద్దిగా కలుపుకోండి. ఎండకు గిన్నెలోనే గట్టిపడుతుంది. గట్టిపడినదానికి మళ్లీ నీళ్లు పోసి వాడకండి.

నల్లరేగడి నేల తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే కుంగుతుంది. ఆ నేల మీది ఇంట్లో నెర్రె ఏటేటా తెరుచుకుంటుంది. దాన్ని కనిపెట్టడం తేలిక. నెర్రె చివర పెన్సిలుతో గీత గీయండి. పక్కన తేదీ రాయండి. మూడు నెలలకు చూడండి. నెర్రె గీత దాటిందా? అయితే అది రంగుతో పోయే జబ్బు కాదు. మేస్త్రీని పిలవాలి.

దుమ్ములో విషం

గోకినప్పుడు లేచే దుమ్ము ఊపిరితిత్తులకు చేటు. చీర కొంగు అడ్డం పెట్టుకుంటే చాలదు. సన్నని దుమ్ము కొంగులోంచి పోతుంది. ముక్కుకు, నోటికి గట్టిగా అతుక్కునే మాస్కు కావాలి. మేస్త్రీని అడగండి. అడగడం తప్పు కాదు.

పాత రంగుల్లో సీసం ఉండవచ్చు. తలుపుల, కిటికీల ఆయిల్ పెయింటులో ముఖ్యంగా. సీసం చిన్న పిల్లల మెదడును దెబ్బ తీస్తుంది. కడుపులోని బిడ్డకూ ప్రమాదమే. మన దేశంలో 2016లో నియమం చేశారు. 2017 నవంబరు నుంచి ఇంటి రంగుల్లో సీసం పది లక్షల పాళ్లకు 90 పాళ్లు మించరాదు. కానీ అంతకు ముందు వేసిన రంగు గోడ మీదనే, తలుపు మీదనే ఉంది గదా! పాత రంగును పొడిగా రుద్దకండి. తడిపి రుద్దండి. మంట పెట్టి కాల్చకండి. రాలినది తడిగుడ్డతో ఎత్తండి. గర్భిణీలు, పసిబిడ్డలు ఆ గదిలో ఉండరాదు. పని అయ్యాక చేతులు, మొహం కడుక్కునే అన్నం ముట్టాలి.

రంగు వేయడం

పైకప్పు ముందు. తరువాత గోడలు. తరువాత తలుపులు, కిటికీలు. ముందు నేల తడిగుడ్డతో తుడవండి. దుమ్ము లేవదు.

గోడను చేత్తో తాకి చూడండి. వేడిగా ఉంటే ఆగండి. పడమటి గోడకు ఉదయం, తూర్పు గోడకు సాయంత్రం వేయండి. ఒక గోడ మొదలుపెడితే మూల దాకా పోవాలి. నడుమ ఆపితే ఆ అంచు ఆరిపోతుంది. మళ్లీ మొదలుపెట్టిన చోట గీత కనిపిస్తుంది. ఇద్దరు కలిసి చేస్తే, ఒకరు పైన, ఒకరు కింద, అంచు తడిగా ఉంటుంది.

ఆయిల్ పెయింటు వేసేటప్పుడు మాత్రం కిటికీలన్నీ తెరవాలి. దగ్గరలో పొయ్యి, బీడీ ఉండరాదు. దాని వాసనకు తల తిరుగుతుంది. నిప్పు తగిలితే అంటుకుంటుంది.

చదువు ఇక్కడ అక్కరకొస్తుంది

డబ్బా మీద అక్షరాలు ఉంటాయి. ఎన్ని నీళ్లు కలపాలి, ఒక లీటరు ఎంత గోడకు వస్తుంది, ఎన్ని గంటలు ఆగాలి, ఏ తేదీన తయారైంది, అన్నీ చదవండి. తెలుగులో లేకపోతే అంకెలైనా చూడండి. మిగతాది కొట్టువాణ్ణి చదివి చెప్పమనండి.

గోడ లెక్క ఇదిగో. గది పొడవు 12 అడుగులు, వెడల్పు 10 అడుగులు, ఎత్తు 10 అడుగులు.

నాలుగు గోడల చుట్టుకొలత: 12 + 10 + 12 + 10 = 44 అడుగులు.
దాన్ని ఎత్తుతో గుణిస్తే: 44 x 10 = 440 చదరపు అడుగులు.
తలుపు 7 x 3 = 21. కిటికీ 4 x 3 = 12. రెండూ కలిపి 33.
మిగిలింది: 440 - 33 = 407 చదరపు అడుగులు.

ఒక లీటరు 100 చదరపు అడుగులకు వస్తుందని డబ్బా మీద ఉందనుకోండి. ఒక పూతకు నాలుగు లీటర్లకు కొంచెం ఎక్కువ. రెండు పూతలకు ఎనిమిది లీటర్లు దాటుతుంది. ఇరవై లీటర్లు కొనమంటే కొనరు గదా!

కూలికి పోయినా ఇదే లెక్క. చదరపు అడుగుకు 10 రూపాయలు మాట్లాడుకున్నారనుకోండి. టేపు పట్టినవాడు ఎత్తు 10కి బదులు 9 రాశాడు. ఒక్క అడుగే గదా అనిపిస్తుంది. 44 చదరపు అడుగులు పోయాయి. 440 రూపాయలు పోయాయి. టేపు రెండో కొస మీరు పట్టుకోండి. అంకె మీరూ చదవండి. మీ పుస్తకంలో మీరూ రాసుకోండి.

ఒకే పనికి ఆడ, మగ తేడా లేకుండా సమాన కూలి ఇవ్వాలని 1976లో చట్టం వచ్చింది. 2019 వేతనాల కోడ్‌లోనూ అదే మాట ఉంది. గోడ సిద్ధం చేయడం చిల్లర పని కాదు. రంగు నిలిచేది ఆ పని మీదనే. ఆ విద్య వచ్చినవాళ్లు కుంచె కూడా పట్టాలి. పూర్తి పని చేయాలి. పూర్తి కూలి అడగాలి. భవన నిర్మాణ కార్మికుల సంక్షేమ మండలిలో పేరు నమోదు చేసుకోవచ్చు. వయసు 18 నుంచి 60 లోపు ఉండాలి. గడిచిన ఏడాదిలో 90 రోజులు ఆ పని చేసి ఉండాలి. పని చేసిన రోజులు తేదీలతో రాసి పెట్టుకోండి. ఆ కాగితం రేపు అక్కరకొస్తుంది.

అక్కలారా! ఈసారి పండుగకు రంగు కొనే ముందు గోడను అరచేత్తో రుద్ది చూడండి. ఏం చేయాలో గోడే చెబుతుంది.

సెలవు.

ఆలోచించండి, చెప్పండి

1. సున్నం పూసే ముందు గోడ ఎందుకు తడపాలి?
2. ఉప్పు పొంగిన గోడను ఎందుకు కడగరాదు?
3. పాత ఆయిల్ పెయింటును పొడిగా రుద్దితే ఏమవుతుంది?
4. మీ ఇంట్లో ఒక గదిని కొలవండి. గోడలు ఎన్ని చదరపు అడుగులో లెక్క రాయండి.