ప్రధానోపాధ్యాయుని కాఠిన్య మెవరిపైని?

(ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల పఠనమందిరములలో నొసంగిన యుపన్యాసము)



మన మూడు పట్టణములలోను ఏ పాఠశాల సంగతి ప్రస్తావనకు వచ్చినను పెద్దలనోట నొకే మాట వినవచ్చుచున్నది: “గట్టివాడొకడు హెడ్మాస్టరుగా వచ్చినగాని యీ బడి బాగుపడదు.” ఫలితములు దిగజారినవి, మధ్యాహ్న భోజనము కాగానే పిల్లలు గోడ దూకి పోవుచున్నారు, ఉపాధ్యాయుడన్న మర్యాద లేదు. ఇవన్నియు ఏకరువుపెట్టి యీ మాటతో ముగింతురు. ఆ కోరికను నేను తప్పుపట్టను. అధికారి మెత్తనివాడైనచో బడి యేమగునో మనకందఱకును తెలియును. నా ప్రశ్న వేఱు. ఆ గట్టితనము ఎవరిపట్ల? ఈ ప్రశ్న యడుగకయే గట్టివానిని కోరుకొనుట మన సీమవారికి పాతయలవాటు. ముఠాకక్షల కాలమున ఊరూర నొక గట్టివాడుండెను. వారివలన ఊళ్లు బాగుపడినవో, కోర్టులు నిండినవో నల్లకోటు తొడుగుకొను మాబోంట్లకు చక్కగా తెలియును.

అమెరికాలో న్యూజెర్సీ రాష్ట్రమున పాటర్సన్ అను నగరము కలదు. అచ్చటి ఈస్ట్‌సైడ్ ఉన్నత పాఠశాల కొట్లాటలకును, మాదకద్రవ్యములకును ఆటపట్టై యుండగా, 1982లో జో క్లార్క్ అను నల్లజాతీయుడు దానికి ప్రధానోపాధ్యాయుడయ్యెను. ఒకచేత లౌడుస్పీకరు, ఒకచేత బేస్‌బాల్ బ్యాటు పట్టుకొని వసారాలలో తిరుగువాడు. అల్లరి చేయువారినని, బడికి రానివారినని సుమారు 300 మందిని వెడలగొట్టెను. మాదకద్రవ్యములమ్మువారు లోనికి రాకుండ వాకిళ్లకు గొలుసులు వేయించెను. అగ్నిప్రమాద నిబంధనల కది విరుద్ధమని అధికారులతో తగవయ్యెను. 1988లో టైమ్ పత్రిక అతని చిత్రమును ముఖపత్రముపై వేసెను. 1989లో అతని కథ చలనచిత్రమయ్యెను. బడిలో నిశ్శబ్దము నెలకొనినమాట నిజము. అతనిని ప్రేమించిన విద్యార్థులును, తల్లిదండ్రులును పెక్కుమంది యుండిరి. ఇది దాచరాదు. అయినను అతడు 1989లో వెడలిపోయిన పిమ్మట రెండేండ్లకే, 1991లో, ఆ నగరపు పాఠశాలల నిర్వహణ సరిగా లేదని రాష్ట్రప్రభుత్వము వానినన్నిటిని తన చేతిలోనికి తీసికొనెను. ఒక్కని గొంతుపై నిలిచిన క్రమము ఆ గొంతుతోనే పోవును. మఱియొక సంగతి. 1995లో క్లార్క్ అదే రాష్ట్రమున బాల నేరస్థుల నిర్బంధగృహమున కధికారి యయ్యెను. వెడలగొట్టబడిన ఆ మున్నూరుమంది యెచ్చటికి పోయిరని యే పత్రికయు ముఖపత్రముపై వేయలేదు.

మన దేశమున కాఠిన్యము రెండు తెఱగులుగా కనబడినది. 1907లో బిపిన్ చంద్రపాలుడు రాజమహేంద్రవరమున నుపన్యసించినప్పుడు విద్యార్థులు వందేమాతర ముద్రికలు ధరించి తరగతులకు పోయిరి. కళాశాలాధ్యక్షుడు మార్క్ హంటరుదొర బహు గట్టివాడు. మన కర్నూలువాడైన గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారిని, మఱికొందఱిని కళాశాలనుండి తొలగించెను. ఆ తొలగింపబడిన విద్యార్థియే 1908లో తన స్వరాజ్య పత్రికలోని వ్రాతకు చెఱసాల కేగెను. పిమ్మట గ్రంథాలయోద్యమమునకును, వయోజనవిద్యకును తన జీవితమును ధారపోసెను. మనమీ సాయంకాలమిచ్చట కూర్చుండి పత్రికలు చదువుకొను భాగ్యము ఆ యుద్యమపు ఫలము. దొరగారి కాఠిన్యమునకు ఎవరు కృతజ్ఞులైయున్నారో నాకు తెలియదు.

ఆ దినములలోనే కాకినాడలో మఱియొక కఠినుడుండెను. రఘుపతి వేంకటరత్నం నాయుడుగారు సికింద్రాబాదు మహబూబు కళాశాల నధిష్ఠించి, తరువాత పిఠాపురము రాజావారి కళాశాలకు వచ్చి 1919 వఱకు అధ్యక్షులుగా నుండిరి. వారి నియమము పేరుగాంచినది. అయితే ఆ నియమపు మొదటి బరువు వారి తలపైననే పడెను; రెండవది పెద్దలపైని. భోగముమేళములు కట్టించు ధనికులను, ఆ సభలలో ముందువరుస కూర్చుండు ఉద్యోగులను వారు బహిరంగముగా ఖండించిరి. ఇక పిల్లలమాట. పిఠాపురము మహారాజావారి తోడ్పాటుతో బాలికలకును, ఊరివెలుపలకు నెట్టబడిన కులముల బాలురకును వారు చదువు నందించిరి. బీదలకు వసతి, ఉచితవిద్య కల్పించిరి. ఇందుకు ఊరిపెద్దల ముఖము చూచి ‘కాదు’ అనగల గుండెధైర్యము కావలయును. పదునైదేండ్ల బాలునిపై కేకవేయుటకు అది యక్కఱలేదు.

ఇటీవలి మాట యొకటి చెప్పెదను. 2012లో పోలీసు ఉన్నతాధికారియైన ఆర్.ఎస్. ప్రవీణ్ కుమారుగారు సాంఘిక సంక్షేమ గురుకుల విద్యాలయముల కార్యదర్శిపదవి చేపట్టిరి. పోలీసువాడు బడికి వచ్చిన దండనీతి నడపునని తలంచుట సహజము. కాని 25 మే 2014న ఆ గురుకులములలో చదువుచున్న 13 ఏండ్ల మాలావత్ పూర్ణ ఎవరెస్టు శిఖర మెక్కినది. ఖమ్మము జిల్లాకు చెందిన ఆనంద్ కుమార్ ఆమెతో నెక్కెను. ‘వీరికి చదువబ్బదు’ అని మనము టీసీ చేతికిచ్చి పంపు ఇండ్లనుండియే ఆ పిల్లలు వచ్చిరి.

టీసీ యన్నమాట వచ్చినది గనుక న్యాయవాదిగా కొంత విన్నవింతును. 2009వ సంవత్సరపు విద్యాహక్కు చట్టము 1 ఏప్రిల్ 2010 నుండి అమలులో నున్నది. 16వ సెక్షను ప్రకారము ఎనిమిదవ తరగతి ముగియువఱకు ఏ బిడ్డను బడినుండి వెడలగొట్టరాదు. 2019లో సవరణ వచ్చి, పరీక్ష తప్పినవానిని అదే తరగతిలో నిలుపుట కవకాశమిచ్చినను, వెడలగొట్టుట కవకాశమీయలేదు. 17వ సెక్షను కొట్టుటనే కాక మనసు నొప్పించుటను గూడ నిషేధించినది. మఱి మన చాకచక్య మెట్లున్నది? చట్టము ఎనిమిదవ తరగతితో చేయి విడిచినది. మనము తొమ్మిదవ తరగతిలో మొదలుపెట్టితిమి. వెనుకబడినవాని తండ్రిని పిలిపించి, “మీవాడు పదియవ తరగతి గట్టెక్కడు, మఱియొక బడి చూచుకొనుడు” అని మెల్లగా చెప్పుదురు. ఉత్తరువు లేదు, సంతకము లేదు. ఆ పిల్లవాడు పులివెందుల ప్రక్క చీనీతోటలోనో, ప్రొద్దుటూరిలో నొక దుకాణపు మెట్లమీదనో తేలును.

శాతములను సాక్షిని కొంచెము క్రాసు ప్రశ్న లడిగి చూతము. తొమ్మిదవ తరగతిలో 80 మంది యుండిరనుకొనుడు. పదియవ తరగతి పరీక్షకు 60 మందినే కూర్చుండబెట్టిరి. 57 మంది నెగ్గిరి. బడి గోడపై 95 శాతమని రంగుల బ్యానరు లేచును. ఎనుబదిమందిలో లెక్కించిన అది 71 శాతము. తక్కిన యిరువదిమంది పరీక్షలో తప్పలేదు, లెక్కలో తప్పిపోయిరి. ఆ బ్యానరు చూచి మనము “ఈ హెడ్మాస్టరు గట్టివాడు” అందుము!

నిజమైన కాఠిన్యమునకు పని వేఱుగా నున్నది. మొదటి గంటకు ముందే వాకిట నిలిచి, ఆలస్యముగా వచ్చిన ఉపాధ్యాయుని కన్నులలోనికి చూడవలయును. 24వ సెక్షను ఉపాధ్యాయుని వేళకు రమ్మన్నది, పాఠ్యక్రమము పూర్తిచేయుమన్నది, తల్లిదండ్రులను కలిసికొనుమన్నది. 28వ సెక్షను ప్రైవేటు ట్యూషన్లు చెప్పవలదన్నది. ఈ రెండు సెక్షనులను నిలువున నమలుచేయు ప్రధానోపాధ్యాయునకు ఆ యేడు బెత్తము తీయుటకు తీరిక దొరకదు. జనగణన, ఎన్నికలు, విపత్తులు తప్ప తక్కిన పనులకు తన ఉపాధ్యాయులను పంపనని 27వ సెక్షను చూపి పైయధికారికి చెప్పవలయును. ఖాళీల గుఱించి నెలనెల వ్రాయవలయును. మూడుదినములు రాని పిల్లవాని యింటికి నాలవదినము పోవలయును. మన కక్షల యిండ్లలో పుట్టిన పిల్లవాడు కఱ్ఱకు భయపడుట నడక నేర్చినప్పుడే నేర్చినాడు. వానికది క్రొత్తపాఠము కాదు. తన్ను వెదకికొనుచు ఇంటికి వచ్చిన ఉపాధ్యాయుడు మాత్రము వానికి నిజముగా క్రొత్త.

ఇట్టివాడు వచ్చినచో మనమేమి చేయుదుము? ఈమాట మీకు రుచింపకపోవచ్చును. మన పట్టణములలో గట్టి ప్రధానోపాధ్యాయునకు దొరకు బహుమానము బదిలీ. ఆయన పేదవాని బిడ్డను కొట్టినన్నాళ్లు ‘క్రమశిక్షణ’ యని మెచ్చుకొందుము. మన బంధువైన ఉపాధ్యాయుని హాజరుపట్టీలో ఎఱ్ఱసిరా గీత పెట్టినదినమున నాయకుని యింటికి పోయి అర్జీ యిత్తుము. 2019 నవంబరులో మొదలైన నాడు-నేడు పథకముక్రింద పెక్కు బడులకు మరుగుదొడ్లు, బల్లలు, పంకాలు వచ్చినవి. మంచిదే. గోడకు రంగు వేయుట కెవరును అడ్డుపడరు; ఆ గోడలోపల వేళకు పాఠము చెప్పించుటకే అడ్డుపడుదురు.

21వ సెక్షనుక్రింద ప్రభుత్వపు బడి యాజమాన్య కమిటీలో నాలుగింట మూడుపాళ్లు తల్లిదండ్రులుండవలయును. సభ్యులలో సగము స్త్రీలుండవలయును. తల్లులు ఆ సమావేశములకు పోయి మాటలాడుచున్నారా, లేక పుస్తకము ఇంటికి వచ్చినప్పుడు వ్రేలిముద్ర వేయుచున్నారా? మీరే విచారింపుడు. కమిటీలోని తల్లిదండ్రులు తొలి సమావేశముననే మూడు లెక్కలడుగుడు: రెండేండ్లక్రిందట తొమ్మిదవ తరగతిలో చేరినవారెందఱు, వారిలో పదియవ తరగతి హాల్ టికెట్ లందుకొన్నవారెందఱు, మధ్యలో టీసీ తీసికొన్నవారెందఱు. పేర్లు వలదు, సంఖ్యలు చాలును. ఈయని పక్షమున 2005 సమాచారహక్కు చట్టముక్రింద దరఖాస్తు పెట్టుడు. ముప్పదిదినములలో జవాబు రావలయును. దరఖాస్తు నమూనాను తెలుగున వ్రాసి యీ గ్రంథాలయాధికారియొద్ద నుంచినాను. వలసినవారు పోవునప్పుడు నకలు తీసికొనిపోవచ్చును.