వేలిముద్రకు ముందు చదవవలసిన కాగితం

స్మారకోపన్యాసాన్ని మనం తలచుకుంటున్న మనిషి గుణగణాలతో మొదలుపెట్టడం ఆనవాయితీ. స్వాగతం పలికినవారు ఆ పని నాకన్నా బాగా చేశారు. నేను నేరుగా విషయంలోకి వస్తాను.

మదనపల్లెను చదువుల ఊరంటాం. అనిబిసెంట్ 1915లో పెట్టిన కళాశాల ఇక్కడే ఉంది. 1919లో టాగోర్ జనగణమనను ఇంగ్లీషులోకి మార్చింది అక్కడే. ఆ గొప్పను అందరం చెప్పుకుంటాం. ఆ గొప్ప చెప్పుకునే ఇళ్లలో అంట్లు తోమే మనిషి ఏం చదివిందని మాత్రం అడగం. ‘ఎన్నిళ్లు చేస్తావమ్మా?’ అనే అడుగుతాం.

1978 అక్టోబరు 2న జాతీయ వయోజన విద్యా కార్యక్రమం మొదలైంది. 1988లో జాతీయ అక్షరాస్యతా మిషన్ వచ్చింది, 2009లో ప్రధానంగా ఆడవాళ్ల కోసమంటూ సాక్షర భారత్ వచ్చింది. పేర్లు మారాయి గానీ రెండు అలవాట్లు పోలేదు. పొద్దుగూకాక కేంద్రం తెరవడం ఒకటి, సంతకం వస్తే చదువు వచ్చినట్టు రాసుకోవడం ఇంకొకటి. ఇళ్లల్లో పనిచేసే మనిషికి సాయంత్రమంటే రెండో విడత పని, ఆ తరవాత సొంత ఇంటి పొయ్యి. కుప్పం నుంచి రైలెక్కి బెంగళూరుకు పనికి పోయి వచ్చేవాళ్ల సంగతి చెప్పనే అక్కర్లేదు. కుప్పం మూడు రాష్ట్రాల మూల. అక్కడి ఆడవాళ్లలో తెలుగు, తమిళం, కన్నడం మూడూ ధారాళంగా మాట్లాడేవాళ్లున్నారు. 1997 నుంచి ద్రావిడ విశ్వవిద్యాలయం ఉన్న ఊరది. మూడు భాషలు నోట ఉన్న మనిషికి ఒక్క లిపి నేర్పలేకపోతే ఆమెను నిరక్షరాస్యురాలని రాసుకుంటాం, మన చేతగానితనాన్ని ఎక్కడా రాసుకోం.

ఇక కువైట్. మదనపల్లె, పుంగనూరు, అటు రాయచోటి వైపు పల్లెల నుంచి ఖద్దామా (ఇంటిపనిమనిషి) పనికి పోయిన ఆడవాళ్ల డబ్బుతో లేచిన ఇళ్లు, జరిగిన పెళ్లిళ్లు, తీరిన అప్పులు మనకు తెలుసు. పోవడానికి కావలసిన కాగితాల లెక్క మాత్రం చాలామందికి తెలియదు. పదో తరగతి గట్టెక్కనివాళ్ల పాస్‌పోర్టు ‘ఈసీఆర్’ (వలస తనిఖీ తప్పనిసరి) కిందికి వస్తుంది. 1983 వలస చట్టం కింద వాళ్లు గల్ఫ్ పనికి పోవాలంటే ప్రభుత్వ అనుమతి ఉండాలి, అందులోనూ ఆడమనిషికి 30 ఏళ్లు నిండాలి. పది పాసైతే ఈ అడ్డు లేదు. ఇదంతా రక్షణ కోసమేనంటారు. నేను ఒప్పుకోను. పిల్ల ఆరో తరగతిలో బడి మానినప్పుడు ఇంటికొచ్చి అడగని ప్రభుత్వం, ఆమెకు ఇరవై ఐదేళ్లు వచ్చాక ఆ మానేసిన చదువునే చూపించి గుమ్మం దగ్గర నిలబెడుతుంది. వయసు తక్కువైతే మనిషి ఆగాల్సిందే, అప్పు ఆగుతుందా? ఏజెంటు విజిట్ వీసా తెస్తాడు. అక్కడ దిగాక ఆమె ఏ లెక్కలోనూ ఉండదు.

కువైట్ 2015లో ఇంటిపనివాళ్ల కోసం 68వ నంబరు చట్టం చేసింది. రోజుకు 12 గంటలకు మించి పని చేయించకూడదు, వారానికొక సెలవు, ఏడాదికి జీతంతో 30 రోజుల సెలవు ఇవ్వాలి. అమలు సంగతి అలా ఉంచండి. ఈ మూడు ముక్కలు వేలిముద్ర వేయకముందే తెలిసిన మనిషికీ, బాబా, మామా (యజమానీ, యజమానురాలూ) చెప్పిందే చట్టమనుకున్న మనిషికీ తేడా లేదా? ఆమె ముందు పెట్టే ఒప్పందం తెలుగులో ఉండదు. వయోజన విద్య వాచకంలో ‘అల, వల’ ఉంటాయి గానీ వీసా, ఒప్పందం, జీతం చీటీ ఉండవు.

తమ బతుకే పాఠమైతే ఏమవుతుందో ఒకసారి చూశాం. నెల్లూరు జిల్లాలో 1990ల మొదట్లో అక్షరాస్యతా కేంద్రాల్లో ఆడవాళ్లు సారా గురించిన పాఠం చదివారు. దూబగుంటలో దుకాణం మూయించారు. చదివింది తమ కథే కాబట్టి పుస్తకం మూసి ఇంటికి పోలేదు.

ఎలా నేర్పాలన్నదానికి దూరం పోనక్కర్లేదు. మదనపల్లె పక్కనే రిషివ్యాలీ పాఠశాల వాళ్లు చుట్టుపక్కల పల్లెల పిల్లల కోసం కార్డులతో, మెట్లుమెట్లుగా సాగే బోధన తయారుచేశారు. పది రోజులు బడికి రాని పిల్ల తిరిగొచ్చి, ఆగిన మెట్టు నుంచే మొదలుపెట్టొచ్చు. నాగా పెడితే జీతం కోసే ఇంట్లో పనిచేసే ఆడమనిషికి ఇంతకన్నా అనువైన పద్ధతి నాకు కనబడలేదు. మధ్యాహ్నం రెండు పనుల నడుమ దొరికే గంటలో ఆమె తన కార్డు తీసుకుంటుంది. ఆ గంటలు పోగై ఓపెన్ స్కూల్ పదో తరగతి దాకా పోగలిగితే పాస్‌పోర్టు మీద అడ్డూ తొలగుతుంది.

ఎలా నేర్పాలన్నది చూశాం, ఇక ఏం నేర్పాలి? 2011లో అంతర్జాతీయ కార్మిక సంస్థ ఇంటిపనివాళ్ల ఒడంబడికకు మన దేశం ఓటేసింది, ఇంతవరకూ ధ్రువీకరించలేదు. అయినా చేతిలో ఉన్న చట్టాలు కొన్ని ఉన్నాయి. 2013 లైంగిక వేధింపుల నిరోధక చట్టం ఇంటిపని మనిషిని పేరుపెట్టి చెప్పింది, యజమాని ఇంటిని పనిచోటుగానే లెక్కగట్టింది. ఫిర్యాదు జిల్లాలోని స్థానిక కమిటీకి మూడు నెలల్లో, రాతపూర్వకంగా ఇవ్వాలి. రాయడం రానివాళ్లకు కమిటీ సభ్యులే రాయడంలో సాయం చేయాలని కూడా ఆ చట్టంలో ఉంది. మదనపల్లెలో, పుంగనూరులో, కుప్పంలో ఏ కేంద్రం తెరిచినా మొదటి వారం కార్డుల్లో ఈ కమిటీ ఎక్కడుంటుందో, ఎవరుంటారో, ఫోను నంబరేమిటో ఉండాలని ఈ సభ ద్వారా ఆయా జిల్లాల అధికారులను అడుగుతున్నాను.